రెండు శేర్ల జోకు

ఒక గుడి నిండా ఉన్న జనాన్ని ఒకేసారి ఏడిపించిన ఘనత మీలో ఎవరికైనా ఉందా? నాకుంది. చావు కబురు చెప్పలేదు, ఎవరినీ తిట్టలేదు, ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఉత్త గరిటెతో ఏడిపించాను. ఇచ్చోడలో పాతవాళ్లు కొందరు ఇప్పటికీ నన్ను చూస్తే ముందు దండం పెడతారు, ఆ తర్వాత ముక్కు తుడుచుకుంటారు. అలవాటైపోయింది పాపం.

ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. పక్కన చెంబుడు నీళ్లు పెట్టుకుని చదవండి.

మా పుట్టిల్లు పెద్దపల్లి. మా బాపు అక్కడి మార్కెట్ యార్డులో దడువాయి. అంటే రైతులు తెచ్చిన వడ్లను కాంటా మీద జోకేవాడు. మా వైపు తూకం వెయ్యడాన్ని జోకడం అంటాం. నలుగురినీ నవ్వించే జోకుకూ దీనికీ చుట్టరికం లేదనే అప్పట్లో అనుకునేదాన్ని. మా ఇంట్లో బాపు జోకని వస్తువు లేదు. బెల్లం ముద్ద తెస్తే జోకేవాడు. కోడిని తెస్తే, అది లబలబలాడుతుంటే కాళ్లు కట్టి మరీ జోకేవాడు. మేం అక్కచెల్లెళ్లం పుట్టగానే అమ్మ మొహం చూడకముందే కాంటా మొహం చూశామట. సర్కారు కిలోలు తెచ్చి ఎంత కాలమైనా ఆయన నోట్లోంచి శేరు పోలేదు.

"శేరంటె ఎనభై తులాలు బిడ్డా. లోకం మారుతది గని శేరు మారది" అనేవాడు.

గిన్నెతో కొలిచి ఇచ్చేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. "కొలిచెటోని బొటనేలు ఎప్పుడూ గిన్నెలనే ఉంటది. గదీ ఒక లెక్కేనా?" అనేవాడు. ఆ మాట వింటూ పెరిగిన పిల్లను నేను. నా దృష్టిలో లోకంలో మనుషులు రెండు రకాలు. జోకేవాళ్లు నాగరికులు, కొలిచేవాళ్లు అమాయకులు.

ఇంత జ్ఞానం మూటగట్టుకుని ఇచ్చోడకు కాపురానికి వెళ్లాను. మా ఆయన ప్రభుదాసు అక్కడ పశువుల దవాఖానలో కాంపౌండరు. ఊళ్లో మా మెథడిస్టు సంఘం చిన్నది. చర్చిని మేం గుడి అంటాం. జొన్న, పత్తి పండించేవాళ్లూ, కూలికి పోయేవాళ్లూ, మా ఆయనలాంటి చిన్న ఉద్యోగాలవాళ్లూ ఉండేవారు. ఆ ఊరి తెలుగు నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగం మరాఠీ. నేను మాట్లాడితే వాళ్లు నవ్వేవారు, వాళ్లు మాట్లాడితే నేను నవ్వేదాన్ని. ఎందుకు నవ్వుతున్నామో మాత్రం రెండు పక్కలా ఎవరికీ తెలియదు.

అలాంటి రోజుల్లో నాకు దిక్కు మా పాస్టరుగారి భార్య. పాస్టరుగారిని మేం అయ్యగారు అంటాం, ఆమెను అమ్మగారు అంటాం. పుట్టింటి మీద బెంగ పుట్టినప్పుడల్లా వాళ్లింటికి వెళ్లి కూర్చునేదాన్ని. ఆమె ఎందుకొచ్చావని అడిగేది కాదు. చాయ్ పెట్టి, చేతికి ఒక సూదీ గుడ్డముక్కా ఇచ్చేది. కుట్టేకొద్దీ ఏడుపు తగ్గేది. ఆమె లేకపోతే నేను పెళ్లయిన ఏడే పెద్దపల్లి బస్సెక్కి ఉండేదాన్ని.

అందుకే ఆ కబురు వినగానే నేను మా అత్త దగ్గరికి పరుగెత్తాను. కోత పండుగకు ఆదిలాబాదు నుంచి సూపరింటెండెంటుగారు వస్తున్నారట. ఆయన్ని పెద్దయ్యగారు అంటాం. అందరు పాస్టర్ల మీదా పెద్ద కాబట్టి. ఇచ్చోడ సంఘం చల్లబడిందని, పాటల్లో ఊపు లేదని, ప్రార్థనలో ఒక్క కంట్లోనూ నీటిచుక్క కనబడదని ఎవరో ఆయన చెవిలో ఊదారు. వచ్చి కళ్లారా చూస్తారట. నిజంగానే చల్లబడింది అనిపిస్తే మా అయ్యగారిని బదిలీ చేసేస్తారట.

"ఎట్ల అత్తమ్మా? అమ్మగారు పోతె నేనెట్ల ఉండాలె?" అన్నాను మా అత్తతో.

మా అత్త రాహేలమ్మ పెద్దగా చదువుకోలేదు గాని, మనుషుల కడుపులు చదవడంలో పండితురాలు. "పిచ్చిదానా, కడుపు నిండ మంచిగ పెడితె సంఘం చల్లగుందో ఎచ్చగుందో ఎవడు చూస్తడు? కూర బుక్క నోట్ల పడంగనే పెద్దయ్యగారు బదిలీ మాట మరిచిపోతడు. నేనున్న గద" అంది. కోత పండుగ విందులో పొట్టేలు కూర ఏటా ఆమెదే. ఆ కూర కోసం ఖానాపూర్ నుంచి కూడా చుట్టాలు వచ్చేవారు. దేవుడి మీద భక్తితో వచ్చామని చెప్పుకునేవారనుకోండి, అది వేరే సంగతి.

అన్నీ అనుకున్నట్టు జరిగితే నేనెందుకు ఈ కథ రాస్తాను? పండుగ ముందు రోజు అత్తమ్మ వాకిట్లో కాలు జారి మడమ వాచి మంచం పట్టింది. పండుగ రోజు పొద్దున్నే నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"సువార్తా, గీసారి గరిటె నీ చేతిల పెడుతున్న. అయ్యగారి బదిలీ నీ కూర మీద ఉన్నది. ఆగం చెయ్యకు బిడ్డా."

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి అత్తమ్మా."

"రెండు పొట్టేళ్లు కోసిండ్రు. కారం రెండు శేర్లు. ధనియాల పొడి శేరు. ఉప్పు అర్ధశేరు. అన్నీ నేనే తీసి సంచులల్ల కట్టి పెట్టిన. ఉన్నది ఉన్నట్టు ఏసెయ్యి. మల్ల తక్కువ పడి ఎవలింట్లకెళ్లన్న తెచ్చినవనుకో, శేరు తల కొట్టాలె. యాది మరువకు."

"తలలు ఎప్పుడో కొట్టిండ్రు అత్తమ్మా. తలకాయలు, కాళ్లు అవుతల పెట్టిండ్రు. రేపు వండుకుందామన్నరు."

అత్తమ్మ నా వైపు చాలాసేపు చూసింది. కాలి నొప్పి కాబోలు అనుకున్నాను.

"గా తల గాదె పిల్లా..." అని ఏదో చెప్పబోయింది. అంతలో వాకిట్లోంచి మా ఆయన "ఏమే, పొయ్యి ముట్టిచ్చిండ్రట. మరియమ్మక్క పిలుస్తుంది, జల్ది పో!" అని కేకేశాడు. నేను సంచులెత్తుకుని పరుగు తీశాను. ఆ ఒక్క మాట పూర్తయ్యేదాకా నిలబడి ఉంటే ఆ రోజు అంతమంది పచ్చగా ఉండేవారు. ఎర్రగా అయ్యేవారు కాదు.

దారిలో కారం సంచి చేతులు మార్చుకుంటుంటే నాకు అనుమానం వచ్చింది. దడువాయి బిడ్డ చేతికి కాంటాతో పనేముంది? చెయ్యే చెప్పేసింది, ఇది రెండు శేర్లు కాదని. ఛీ, అత్తమ్మను అనుమానించడమేమిటి అనుకున్నాను. నాలుగడుగులు వేశాక మళ్లీ ఒకసారి ఎగరేసి చూశాను. కాదు, ముమ్మాటికీ కాదు. దారిలోనే సేటు దుకాణం. ఆగిపోయాను.

"కాయ్ సూన్‌బాయి, గింత పొద్దుగాల్నే?" అన్నాడు సేటు. మరాఠీలో కోడల్ని సూన్‌బాయి అంటారు. ఆ ఊళ్లో నేను అందరికీ కోడల్నే.

"జర గీ సంచి జోకు సేటూ."

సేటు తరాజులో పెట్టి జోకాడు. "శేరుకు జర తక్కువనే ఉన్నది బాయి."

"చూసినవా! మా అత్తమ్మ రెండు శేర్లన్నది."

"రాహేలమ్మనా? ఆమె కొలిస్తె రెండు శేర్లంటె రెండు శేర్లే. గట్ల గాదు బాయి, గీ పొడి తేలిక గద, ఆమెది కొలిచే శే..."

"కొలుచుడు మాట నాకు చెప్పకు సేటూ. కొలిచెటోని బొటనేలు గిన్నెల ఉంటది. మా బాపు పెద్దపల్లి యార్డుల దడువాయి. కాంటా అబద్ధమాడదు."

సేటు రెండు చేతులూ జోడించాడు. దడువాయి పేరు చెబితే వ్యాపారస్తుడికి భయం అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది నా తెలివికి పెట్టిన దండమని.

"సరే బాయి. ఎంత కావాలె?"

"రెండు శేర్లు పూర్తి కావాలె."

"గంత కారం దేనికి? తొక్కు పెడుతున్నరా?"

"కాదు. సంఘానికి భోజనం."

"సంఘానికా!" అని నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు, జోకి ఇచ్చేశాడు. బేరం నడిచి ఇంటికొస్తే వద్దనేవాడు సేటు ఎలా అవుతాడు? ధనియాల పొడీ అలాగే తూకం తక్కువ వచ్చింది. అదీ నింపించాను. ఉప్పు మాత్రం విచిత్రంగా అర్ధశేరు కంటే ఎక్కువే తూగింది. ఎక్కువైంది తీసి విడిగా కొంగున ముడివేసుకున్నాను.

తిరిగి నడుస్తుంటే నా గుండె జాలితో నిండిపోయింది. పాపం అత్తమ్మ! వయసు మీద పడి లెక్క తప్పుతోంది. కారం సగం, ధనియాలు సగం, ఉప్పు ఎక్కువ! నేను చూసుకోకపోతే ఇన్నేళ్ల పేరు ఒక్క పూటలో పోయేది కదా! ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు, ఆమె పరువు గుట్టుగా నిలబెట్టాలి అని గట్టిగా నిశ్చయించుకున్నాను. నా అంత మంచి కోడలు ఆదిలాబాదు జిల్లాలో మరొకతె ఉండదనిపించి కళ్లు చెమర్చాయి కూడా. ఆ రోజు నిజమైన భావంతో వచ్చిన కన్నీళ్లు ముందుగా అవే.

గుడి వెనక పెద్ద పెద్ద గంజులు పొయ్యిల మీద ఉన్నాయి. వంటకు తోడొచ్చిన మరియమ్మక్క అల్లం వెల్లుల్లి నూరి సిద్ధంగా పెట్టింది. నేను సంచులు విప్పి, ఒక్క రవ్వ కూడా వృథా కాకుండా అంతా గుమ్మరించాను.

మరియమ్మక్క గంజు వైపు చూసింది. "కారం జర ఎక్కువైతదేమోనే?"

"జోకి తెచ్చిన అక్కా."

"జోకుడెందుకు? నీ ఇంట్ల శేరు లేదా, కొలుస్తె అయిపోవు గద!"

"శేరు అందరి ఇండ్లల్ల ఉంటదా అక్కా? కాంటా ఉన్నోళ్ల దగ్గరనే ఉంటది."

ఆమెకు నా మాట అర్థం కాలేదు, నాకు ఆమె మాట అర్థం కాలేదు. ఇచ్చోడలో ఇది మాకు మామూలే కాబట్టి ఇద్దరం నవ్వుకున్నాం.

కూర ఉడకడం మొదలైంది. ముందు పొయ్యి దగ్గరున్న ఆడవాళ్లకు దగ్గు వచ్చింది. తర్వాత గోడ అవతల ఉన్న మగవాళ్లకు వచ్చింది. కోత పండుగకు కానుకగా తెచ్చి గుమ్మడికాయల పక్కన కట్టేసిన కోళ్లు రెక్కలు కొట్టుకోసాగాయి. రంగు మాత్రం అద్భుతం. పెళ్లికూతురు పట్టుచీరకు కూడా అంత ఎరుపు రాదు.

మరియమ్మక్క గరిటె చివర ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకింది. మెల్లగా లేచి, నడుస్తున్నట్టు మొదలుపెట్టి పరుగెడుతున్నట్టు ముగించి బోరింగు దగ్గరికి చేరింది. ఎడమ చేత్తో తానే కొట్టుకుంటూ కుడి అరచేత్తో పట్టి తాగి, తాగి, వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"సువార్తా, నువ్వు మంచి పిల్లవే. నీ మీద నాకేం పగ లేదు. గని గిదేందే?"

నేనూ ఒక చుక్క నాకాను. నా చెవుల్లోంచి రైలు వెళ్లిపోయింది.

అక్కడి నుంచి మొదలైంది వైద్యం. తిలా పాపం తలా పిడికెడు అంటారు కదా, ఆ రోజు ప్రతి ఇల్లాలూ తన పిడికెడు తాను తెచ్చి వేసింది. "నీళ్లు పొయ్యి" అంది ఒకామె. పోశాం. "కొబ్బరి కుడుక నూరి ఎయ్యి" అంది ఇంకొకామె. వేశాం. "బెల్లం ముక్క పడితె విరుగుతది" అంది మరియమ్మక్క. వేశాం. "చింతపండు పిండుండ్రి" అన్నాడు గోడ అవతల నుంచి మా ఆయన. పశువుల కాంపౌండరు మాట అయినా విన్నాం. అంతా అయ్యాక చూస్తే కూర పెరిగింది, కారం తగ్గలేదు. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడానికి ఎవరికీ నాలుక మిగల్లేదు.

లోకమంతా ముందు వాక్యం, అంటే ప్రసంగం, ఆ తర్వాత విందు. కనీసం వాక్యం నడిచే రెండు గంటల్లో ఏదైనా ఉపాయం తడుతుందనుకున్నాను. ఆ ఆశ కూడా బస్సు పాడు చేసింది. అది దారిలో చెడిపోయి పెద్దయ్యగారు దిగేసరికి పొద్దు నడినెత్తి దాటింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. మా అయ్యగారు జాలిపడి, "ముందు అందరం అన్నం తిందాం, తర్వాత ఆరాధన పెట్టుకుందాం" అన్నారు. పాపం, తన మెడ మీదికి తానే తెచ్చుకున్నారు.

పంక్తులు కూర్చున్నాయి. అత్తమ్మను బండి మీద తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆమె మొదటి బుక్క నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. తలెత్తి నన్ను వెతికింది. నేను వంగి ఆమె చెవి దగ్గర చేరాను.

"కారం ఎంత ఏసినవ్?"

"మీరన్నట్టే రెండు శేర్లు అత్తమ్మా. మీ సంచిల శేరు గూడ లేకుండె. నేను సేటు దగ్గర జోకిపిచ్చి నింపిన. ఎవలకు చెప్పలే, మీ పరువు పోతదని."

"జోకిపిచ్చినవా?"

"ఆ."

"శేరును జోకినవా?"

"మరి శేరును జోకక ఏం జేస్తరు?"

"కొలుస్తరే, కొలుస్తరు! దినాం ఒక గిన్నెతోని జొన్నలు తీసి కోళ్లకేస్తవ్ గద, గదేంది?"

"గిన్నె."

"గదేనె శేరు!"

చూశారా? మూడు నెలల నుంచి రోజూ నా చేతిలో ఉన్న ఇనుప గిన్నెకు ఒక పేరుందని, ఆ పేరు శేరని నాకు ఎవరు చెప్పారు? మా ఇంట్లో శేరు కాంటా మీద కూర్చునేది. ఇక్కడ జొన్నల్లో పడుకుంది. దాని నిండా కారం పోస్తే తూకానికి అర్ధశేరైనా రాదు, ఉప్పు పోస్తే శేరు దాటిపోతుంది. బాపు చెప్పిన శేరుకూ అత్తమ్మ చెప్పిన శేరుకూ మధ్య రెండు పొట్టేళ్లు అన్యాయమైపోయాయి.

"మరి తల కొట్టుడు?" అన్నాను ప్రాణం బిగబట్టి.

"గిన్నె మీద గుట్ట లేకుండ అరచేతితోని చదును చేసుడే తల కొట్టుడు. పొట్టేలు తల గాదు, నా తల!"

నాకు ఏడుపొచ్చింది. "ఇప్పుడెట్ల అత్తమ్మా? పెద్దయ్యగారికి చెప్పేద్దామా?"

"నోరు మూస్కొ. కూర బాగలేదన్న మాట బయటికొచ్చిందంటె మన అయ్యగారు ఎల్లిపోయినట్టే." అని కొంగుతో కళ్లు తుడుచుకుని పంక్తి మొత్తానికి వినబడేలా గొంతెత్తింది. "ఏమయ్యా, కూర కమ్మగున్నదా?"

అత్తమ్మ కన్ను మెదిలితే చాలు, మావాళ్లకు తెలిసిపోతుంది. మొదటి వరసలో ముసలాయన కన్నీళ్లు ధారకడుతుండగా "మస్తు కమ్మగున్నది" అన్నాడు. ఆ మాట వరసంతా పాకింది. "కమ్మగున్నది... హా... కమ్మగున్నది... స్స్..." అంటూ అందరూ వంచిన తల ఎత్తకుండా తిన్నారు. ఆ రోజు ఆ మనుషుల మీద నాకు పుట్టిన ప్రేమ ఇప్పటికీ పోలేదు. నన్ను ఇన్నాళ్లూ పెద్దపల్లి పిల్ల అని ఏడిపించినవాళ్లు, అయ్యగారి కోసం, నా కూర కోసం నోరు కాల్చుకున్నారు.

పెద్దయ్యగారు మర్యాదస్తుడు. పెట్టిందాన్ని వద్దనడం ఎరగరు. మొదటి ముద్దకు ఆయన మొహం ఎర్రబడింది. రెండో ముద్దకు బట్టతల మీద చెమట ముత్యాల్లా లేచింది. మా అయ్యగారు అమాయకంగా, "ఇంకొంచెం కూర ఎయ్యమంటరా?" అన్నారు.

"చాలు... చాలు. దేవుడు... కావాల్సినంత ఇచ్చిండు" అన్నారు పెద్దయ్యగారు, ఒక చెంబు కింద పెట్టి ఇంకో చెంబు అందుకుంటూ.

తర్వాత ఆరాధన. అందరం గుడిలో కూర్చున్నాం. అత్త చచ్చిన ఆర్నెల్లకు కోడలు ఏడ్చిందంటారు. మా గుడిలో అత్త నా పక్కన నిక్షేపంగా కూర్చుని ఉండగానే కోడలూ అత్తా ఊరూ కలిసి ఏడ్చాం. ముక్కులు ఎగబీల్చుకునే చప్పుడు, "స్స్ హా" అనే నిట్టూర్పులు, పసిపిల్లల రాగాలు. బయట బోరింగు కీచుమంటూ ఆగకుండా మోగుతూనే ఉంది.

పెద్దయ్యగారు లేచి నిలబడ్డారు. నోరు తెరిచారు. మాట రాలేదు, ఎక్కిళ్లు వచ్చాయి. కళ్లలోంచి బొటబొటా నీళ్లు. మేం ఆయన్ని చూశాం. పాపం, మమ్మల్ని చూసి ఆయన గుండె కరిగిందనుకున్నారు వెనక వరసవాళ్లు. వాళ్లూ ఇంకొంచెం ఏడ్చారు. అది చూసి ఆయన చేతిరుమాలు తీశారు. ఆయన రుమాలు తీయగానే ఆడవాళ్లంతా కొంగులు తీశారు. ఎప్పుడూ గంటన్నరకు తక్కువ మాట్లాడని మనిషి, "ప్రియులారా... హిక్... నాకు మాటలు... హిక్... చాలుతలేవు" అని కూర్చున్నారు. ఆమెన్ అనే మాట అంత తొందరగా, అంత ఆత్రంగా ఆ గుడిలో ఎన్నడూ వినబడలేదు. అందరూ ఒక్క ఉదుటున బోరింగు వైపు పరుగెత్తారు.

సాయంత్రం పెద్దయ్యగారు వరండాలో కూర్చుని సంఘం పెద్దల్ని పిలిపించారు. అత్తమ్మ నా భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. అమ్మగారు తలుపు పక్కన నిలబడి ఉంది. ఆమె మొహం చూడలేక నేను నేల చూశాను. ఆ సూదీ, ఆ చాయ్, ఆ ఇల్లు, అన్నీ ఇవాళ్టితో సరి అనుకున్నాను.

"కూర ఎవరు వండిండ్రు?" అన్నారు పెద్దయ్యగారు.

అత్తమ్మ నా భుజం వదిలేసి ముందుకొచ్చింది. "నేనే అయ్యా. ఏటా నేనే వండుత. ముసల్దాన్నయిన, అందాజ తప్పింది. తప్పు నాది. మా అయ్యగారిది ఏం లేదు."

నేను నిజం చెబుదామని నోరు తెరిచాను. మాట కంటే ముందు ఎక్కిలి వచ్చింది, అదీ గుడి గంటలా. పెద్దయ్యగారు నా వైపు చూశారు. ఆయన చూపు మెల్లగా నా చేతుల మీదికి దిగింది. నేను కొంగు వెనక దాచుకునేలోపే చూసేశారు. మోచేతుల దాకా గోరింటాకు పెట్టినట్టు ఎర్రగా ఉన్నాయి.

"రాహేలమ్మా, నీ చేతులు తెల్లగున్నయ్. నీ కోడలి చేతులు ఎందుకు ఎర్రగున్నయ్?"

అత్తమ్మ తల వంచుకుంది. ఇక దాచడానికి ఏముంది? నేనే ఎక్కిళ్ల మధ్య అంతా చెప్పాను. బాపు కాంటా, సేటు తరాజు, జోకే శేరు, కొలిచే శేరు, పొట్టేలు తల, అత్తమ్మ తల, అయ్యగారు వెళ్లిపోతారని అందరూ కారాన్ని మింగడం, అన్నీ. చెబుతుంటే మరియమ్మక్క వెనక్కి తిరిగి నవ్వుతోంది. మా ఆయన గోడకు సున్నం ఎలా వేశారో చూస్తున్నాడు.

పెద్దయ్యగారు అంతా విని, చెంబు అందుకుని ఒక గుక్క తాగారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"ఇచ్చోడ సంఘం చల్లబడ్డదని నాకు చెప్పిండ్రు. చెప్పినోళ్లు గీ కూర తినలే. నోరు కాలుతున్నా ఒక్కరు గూడ కూర బాగలేదనలే. పాస్టరు పోవద్దని, ఒక్కొక్కరు కండ్ల నీళ్లతోని ఆకు నాకిండ్రు. గిసొంటి సంఘాన్ని విడగొట్టి నేను యాడికి పోవాలె?" అని ఆగి, మిగిలిన చెంబుడు నీళ్లూ తాగి, మా అయ్యగారి వైపు తిరిగారు. "నీ బదిలీ లేదు. గని గీ సంఘంల ఒక బదిలీ మాత్రం తప్పదు."

అందరి ఊపిరీ ఆగింది.

"వంటామెను బదిలీ చెయ్యుండ్రి."

వరండా దద్దరిల్లింది. అమ్మగారు పొట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చి నన్ను పట్టుకుంది. నేను ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఈసారి కారం వల్ల కాదు.

సంగతి పెద్దపల్లి దాకా పోయింది. మా బాపు విని, మీసం దువ్వి, "తప్పు కాంటాది కాదు, వాళ్ల గిన్నెది" అన్నాడట. ఆయన అదే మాట మీద చివరిదాకా ఉన్నాడు. ఇచ్చోడ వచ్చినప్పుడు మాత్రం, అత్తమ్మ వడ్డించబోతే, "చెల్లె, జోకినవా, కొలిచినవా?" అని అడిగి మరీ చెయ్యి కడుక్కునేవాడు.

ఇక నేను. ఆ రాత్రి అత్తమ్మ జొన్నల్లోంచి ఆ ఇనుప గిన్నె తీసి నా ముందు పెట్టింది. దాని మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, అత్తమ్మ సాక్షిగా నేను చేసిన ప్రమాణం ఇది. నా ఒంట్లో ఊపిరి ఉన్నంతకాలం జోకేదాన్ని కొలవను, కొలిచేదాన్ని జోకను. గిన్నె కనబడితే ముందు దాని పేరడుగుతాను. ఇక పెద్దవాళ్లెవరైనా తల కొట్టమంటే, ఎవరి తలో తేల్చుకోకుండా అక్కణ్నుంచి అడుగు కదపను.